రెండు క్రెడిట్లు తక్కువ

ఏప్రిల్ 9, బుధవారం

ఈ రోజు కిటికీకి పద్నాలుగు మంది వచ్చారు. బోనఫైడ్ కోసం ఆరుగురు, హాల్ టికెట్లో పేరు తప్పు పడిందని ఇద్దరు. మిగిలిన ఆరుగురూ దారి అడగడానికి వచ్చినవాళ్ళు. ఏ పేపర్ ముందు రాయాలి, ఏది వదిలినా నష్టం లేదు, పై సంవత్సరానికి పోతామా పోమా. కాలేజీ ఆఫీసులో నా పని సర్టిఫికెట్లు రాయడం, వచ్చిన కాగితాలకు ముద్ర వేసి ఇన్‌వర్డ్ రిజిస్టర్లో ఎక్కించడం. దారి చెప్పమని నాకు ఎవరూ అప్పగించలేదు. ఇరవై రెండేళ్ళుగా అదే ఎక్కువ చేస్తున్నాను.

ప్రిన్సిపాల్ గారు ఇక ముందు ప్రతి లెక్చరర్‌కూ ఇరవై అయిదు మందిని అప్పగిస్తారట. వాళ్ళ చదువు ఎలా సాగాలో ఆ లెక్చరరే కూర్చోబెట్టి చెప్పాలి. మెంటర్ అంటారు. ప్రతి విద్యార్థికీ ఒక పేజీ, అందులో సంతకం. తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపించాలి.

అటెండర్ ఎల్లయ్య నవ్వాడు. "గిప్పటిదాంక మీరు ఉట్టిగనే చెప్పిండ్రు గద సార్. ఇగ వాళ్ళు సంతకం పెట్టి చెప్తరు."

నేను రిజిస్టర్ మూసి లేచాను.

ఏప్రిల్ 12, శనివారం

పదకొండు మంది.

రెండో సంవత్సరం బీఎస్సీ తనూజ వచ్చింది. కొత్తగూడ దగ్గరి తండా పిల్ల. తక్కువ మాట్లాడుతుంది, అందుకే ఆమెతో నాకు ఇబ్బంది ఉండదు. రెండో సెమిస్టర్లో తల్లి ఆపరేషన్ వల్ల పరీక్షలు పోయాయి. మెమోలన్నీ కిటికీ గట్టు మీద పరిచింది.

"సార్, నాకు ఎన్ని క్రెడిట్లు వచ్చినయో జర చూడుండ్రి."

నాలుగు సెమిస్టర్లకు వంద. అందులో సగం, అంటే యాభై వస్తేనే మూడో సంవత్సరంలో కూర్చోనిస్తారు. గోడ మీది నా క్రెడిట్ల చార్ట్ చూసి లెక్క కూడాను. ఆమెకు ఇప్పటికి నలభై నాలుగు.

"బోటనీ, జువాలజీ రాయి. ఒక్కోటి నాలుగు. యాభై రెండయితయ్."

"మరి తెలుగు, ఇంగ్లీషు, కెమిస్ట్రీ?"

"ఎప్పుడున్నయ్?"

"మే ఆరు, ఎనిమిది, పన్నెండు. గప్పుడే బీడీల తునికాకు కోత సార్. ఆకు పది పదిహేను దినాలే ఉంటది. అమ్మకు వంగుడు చేతనైతలేదు. బాపు ఒక్కడే కోసి, ఒక్కడే కట్టలు కట్టాలంటే కాదు."

"అయితే ఆకుకు పో బిడ్డా. ఆ మూడూ తర్వాత రాసుకోవచ్చు. నీకు యాభై చాలు."

"మెంటర్‌ను ఇస్తరట గద, వాళ్ళను ఒకపాలి అడగాల్నా?"

"అడుగు. ఎవర్నడిగినా గిదే లెక్క."

"మీరు చెప్పినంక మళ్ల అడుగుడేంది సార్" అని మెమోలు సర్దుకుంది.

ఆ మాట బాగుంది. అందుకే రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 16, బుధవారం

కొత్తగా వచ్చిన బోటనీ మేడమ్ దీప గారికి రెండో సంవత్సరం బీఎస్సీ వాళ్ళను అప్పగించారు. ఊరు కాటారం. ఇక్కడ మహబూబాబాద్‌లో గది తీసుకుని ఉంటున్నారు. కిటికీ దగ్గరికి వచ్చి చార్ట్ వైపు చూశారు.

"సార్, ఇది ఏ సంవత్సరం రూల్స్‌ది?"

"నేను చేత్తోటి ఎత్తిరాసింది మేడమ్. ఇక్కడ అందరు దీన్నే జిరాక్స్ తీసుకుంటరు."

"అది కాదు సార్, ఏ సంవత్సరంది అని."

బోనఫైడ్ కోసం పిల్లలు వరుసలో నిలబడి ఉన్నారు. పని ఉందన్నాను. ఆమె వెళ్ళిపోయారు. నిన్న వచ్చిన మనిషి. నేను ఇంటర్ ఫెయిలయి, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ రూల్స్ పుస్తకం మొత్తం చదివినప్పుడు ఆమె బడిలో ఉండి ఉంటుంది.

ఏప్రిల్ 30, బుధవారం

జువాలజీ అయిపోయింది. బాగా రాశానని తనూజ బయటి నుంచే చెయ్యి ఊపి, కొత్తగూడ బస్సుకు పరుగెత్తింది.

మే 6, మంగళవారం

తెలుగు పేపర్. హాజరు పట్టీలో ఏడుగురు రాలేదు. తనూజ నంబరు దగ్గర ఎర్ర గీత. అనుకున్న ప్రకారమే.

మే 18, ఆదివారం

జనగామ నుంచి అహల్యక్క ఫోన్. కొడకండ్లలో మా చిన్నాయన మనవడి పెండ్లి, రమ్మంది. "వచ్చి ఏం మాట్లాడతవులే, మూలకు కూసుంటవు. అయినా రా." సెలవు లేదని చెప్పాను. సెలవులు పదిహేడు మిగిలే ఉన్నాయి.

జూన్ 3, మంగళవారం

కాలేజీ మూసే ఉంది. ఆఫీసు మాత్రం తెరిచాం. కిటికీకి ఎవరూ రాలేదు.

జూలై 10, గురువారం

ఫలితాలతోపాటు మూడో సంవత్సరానికి అర్హుల జాబితా వచ్చింది. రెండుసార్లు చూశాను. తనూజ నంబరు లేదు. రెండు పేపర్లూ పాసయింది, అరవై పైన మార్కులు. అయినా లేదు.

యూనివర్సిటీ వాళ్ళ పొరపాటు. వాళ్ళకిది మామూలే.

జూలై 11, శుక్రవారం

యూనివర్సిటీ పొరపాటే. మళ్ళీ కూడి చూశాను. యాభై రెండు.

జూలై 14, సోమవారం

సాయంత్రం దీప మేడమ్ ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. తనూజ వాళ్ళ బ్యాచ్ నుంచి భాషల పేపర్లకు అయిదు క్రెడిట్లు కాదు, నాలుగు. తగ్గిన క్రెడిట్లు నైపుణ్యాల పేపర్లకు కలిపారు. పోయిన ఏడు ఆగస్టులో వచ్చిన సర్క్యులర్.

"ఇది నాకు యూనివర్సిటీ వెబ్‌సైట్లో దొరికింది సార్. మన కాలేజీకి రాలేదా?"

ఇన్‌వర్డ్ రిజిస్టర్ తీశాను. 212వ నంబరు. తేదీ ఉంది. 'భాషల పేపర్ల క్రెడిట్ల సవరణ గురించి' అని ఉంది. అక్షరాలు నావి.

ఆమె ఆ వరుస చదివారు. కాగితం అక్కడే వదిలి వెళ్ళారు.

తనూజ పాసయిన భాషల పేపర్లు నాలుగు. నేను నాలుగు క్రెడిట్లు ఎక్కువ కూడాను. ఆమెకు నలభై ఎనిమిది ఉన్నాయి, రెండు తక్కువ. తెలుగు పేపర్ ఒక్కటి రాసినా సరిపోయేది. తెలుగులో ఆ పిల్లకు ఎప్పుడూ డెబ్బైకి తగ్గలేదు.

ఆ ఆగస్టు రోజు డైరీ తీసి చూశాను. కిటికీకి పంతొమ్మిది మంది అని ఉంది. పని ఎక్కువ ఉంది ఆ రోజు.

జూలై 15, మంగళవారం

పని ఎక్కువ ఉంది ఆ రోజు.

జూలై 16, బుధవారం

తనూజ వచ్చింది. ఆకు కోతలో చేతుల మీద పడిన గీతల మచ్చలు ఇంకా పోలేదు.

"ఎట్లయింది సార్? మీరు కూడిండ్రు గద."

"పైనుంచి మార్చిండ్రు" అన్నాను.

"ఎప్పుడు మార్చిండ్రు?"

"చూస్తున్న. యూనివర్సిటీకి రాద్దాం."

ఆమె కాసేపు గట్టు మీద వేలితో గీతలు గీసింది. తర్వాత, "నేనే ఏదో మెమో చూపియ్యలేదేమో సార్. గా దినం బస్సుకు టైమయితుందని తొందరల ఉన్న. నాకు ముందు నుంచి లెక్కలు రావు" అంది.

అప్పుడు చెప్పాల్సింది. వెనుక ముగ్గురు నిలబడి ఉన్నారు.

"ఏం కాదులే" అన్నాను.

జూలై 21, సోమవారం

మూడో సంవత్సరం రోల్‌లో పేరు లేనివాళ్ళకు హాస్టల్లో చోటు లేదు. తనూజ మంచం వేరే పిల్లకు ఇచ్చారు.

ఎల్లయ్య చెప్పాడు. "పొల్ల పెట్టె పట్టుకొని బస్టాండ్ల కూసున్నది సార్. మళ్ల వచ్చుడు కష్టమే. ఒకపాలి ఇంటికి పోయినోళ్ళు మిర్చి తోటలకే పోతరు, కాలేజీకి రారు."

మధ్యాహ్నం బస్టాండుకు వెళ్ళాను. జ్యూస్ బండి పక్క నుంచి కనిపించింది. పెట్టె మీద కూర్చుని ఉంది. కొత్తగూడ బస్సు వచ్చింది, ఎక్కింది. పెట్టె పైకి అందించింది కండక్టర్. నేను బండి పక్కనే ఉన్నాను.

జూలై 23, బుధవారం

నా చార్ట్ జిరాక్స్ తీసుకున్న ఆ బ్యాచ్ వాళ్ళ మెమోలన్నీ కొత్త లెక్కతో కూడాను. అందరికీ యాభై దాటాయి. తక్కువ పడింది ఒక్క తనూజకే. అది చూసి ప్రాణం కొంచెం కుదుటపడింది. అలా కుదుటపడినందుకు అన్నం తినబుద్ధి కాలేదు.

చార్ట్ గోడ మీది నుంచి తీసేశాను. వెనుక సున్నం తెల్లగా, కొత్తగా ఉంది.

జూలై 28, సోమవారం

అయిదు దాటాక దీప మేడమ్ ఆఫీసుకు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. చేతిలో మెంటర్ ఫైలు. తనూజ పేజీ తీసి నా వైపు తిప్పారు. ఏప్రిల్ 21, 'విద్యార్థినితో చర్చించి తగిన సలహా ఇవ్వడమైనది'. కింద ఆమె సంతకం.

"నేను ఆ పిల్లతోటి ఒక్క నిమిషం మాట్లాడలేదు సార్. తనిఖీకి ఫైళ్ళు కావాలన్నరు. ఇరవై అయిదు పేజీలు ఒక్క పూటల రాసిన. మీరు ఆమెతో మాట్లాడిండ్రు, తప్పు చెప్పిండ్రు. నేను మాట్లాడలేదు, ఒప్పు చెప్పినట్టు రాసుకున్న."

పేజీ మళ్ళీ ఆమె వైపు తిప్పాను.

"నిన్న ఫోన్ చేసిన. డిగ్రీ అయినంక ఏం చేద్దామనుకున్నవ్ అని అడిగితే ఏడ్చింది. బీఎడ్ చేసి వాళ్ళ తండా బడిల పిల్లలకు చెప్పాల్నని ఉన్నదట. మీకు తెలుసా?"

తెలియదు. రెండేళ్ళుగా కిటికీ దగ్గరికి వస్తోంది. అడిగినదానికి చెప్పాను, ఆమెను నేనేమీ అడగలేదు.

"చిన్న పేపర్లు తర్వాత చూసుకోవచ్చని గూడ మీరే చెప్పిండ్రట?"

అదీ నిజమే. ఆ నైపుణ్యాల పేపర్లు. అవి రాసి ఉంటే తగ్గిన క్రెడిట్లు అటు నుంచి వచ్చేవి. ఆ సంగతి ఈ డైరీలో రాయకుండా దాటేద్దామనుకున్నాను.

ఆఫీసు తప్పు వల్ల ఇలా జరిగిందని కాలేజీ రాసి ఇస్తే యూనివర్సిటీ పరిశీలించవచ్చునట. ప్రిన్సిపాల్ గారు రాయనన్నారు. ఎవరు తప్పు చెప్పారో ఆ మనిషి తన పేరుతో రాయాలి. ఆమె అది నన్ను అడగలేదు. ఫైలు మూసుకుని వెళ్ళిపోయారు.

జూలై 29, మంగళవారం

రాశాను. చించాను.

జూలై 31, గురువారం

రాశాను. '212వ నంబరు సర్క్యులర్ నేనే అందుకున్నాను, చదవలేదు. పాత చార్ట్ ప్రకారం విద్యార్థినికి తప్పు లెక్క చెప్పాను. ఆమె తప్పు ఏమీ లేదు.' మూడు వాక్యాలకు మూడు రోజులు పట్టింది.

ప్రిన్సిపాల్ గారు చదివి కళ్ళద్దాలు తీశారు. "రిటైర్ అయ్యేందుకు మూడేండ్లు గూడ లేవు. ఎందుకు గోవర్ధన్ నీకీ పంచాయితి? పిల్లలు డిటేన్ అయితనే ఉంటరు."

"పంపుండ్రి సార్."

"పంపుత. కానీ గీ కాగితం పోయినంక నిన్ను కిటికీ కాడ కూసోబెడితే నన్నడుగుతరు."

రేపటి నుంచి వెనుక రికార్డు గదిలో.

ఆగస్టు 3, ఆదివారం

పొద్దున ఏడు గంటల బస్సుకు కొత్తగూడ వెళ్ళాను. గూడూరు దాటాక అడవి మొదలైంది. వాన పడుతూనే ఉంది. తండా వరకు ఆటోలో వెళ్ళాను.

తనూజ నాయిన పేరు భీమ్లా. గుమ్మంలో కూర్చుని కొడవలికి పిడి బిగిస్తున్నాడు. నేను పేరు చెప్పగానే లేచి మంచం వాల్చాడు.

"కిటికీ సారా? మా పొల్ల మస్తు చెప్తది మీ గురించి. కూసోండ్రి."

కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనేమో అనిపించింది. నిలబడే చెప్పాను. కొత్త కాగితం నేను చదవలేదని, కూడింది నేనని, తనూజ చూపించాల్సినవన్నీ చూపించిందని.

అతను కొడవలి పక్కన పెట్టాడు. "అంటే తప్పు మీదా?"

"నాదే."

"నెల దినాల సంది పొల్ల నాకు లెక్కరాదు బాపు, నాకు చదువెందుకు అనుకుంట తిరుగుతున్నది సారూ. నేను గూడ తిట్టిన. సరిగ చూపెట్టకపోతివి అని." కాసేపు వాన వైపు చూశాడు. "నేను అయితే ఆకుకు పిలవకపోదును. ఒక్క మాట చెప్తే, ఒక్కణ్ణే కోసుకుందును."

తనూజ లోపలి నుంచి అంతా విన్నది. తలుపు పట్టుకుని నిలబడింది.

"మరి గా దినం కిటికీ కాడ ఎందుకు చెప్పలే సార్? నేను నా తప్పే అన్నప్పుడు?"

"భయమైంది బిడ్డా."

"నాకు గూడ అయింది."

తల్లి నడుం పట్టుకుని వచ్చి చెంబుతో నీళ్ళు ఇచ్చింది. తాగాను. ఇంగ్లీషు రూల్స్ పుస్తకం, అరవై పేజీలది, కొత్త సర్క్యులర్ మంచం మీద పెట్టాను. యూనివర్సిటీకి రాశానని చెప్పాను. ఒప్పుకుంటారో లేదో తెలియదని కూడా చెప్పాను.

తనూజ పుస్తకం తెరిచింది. "ఇది నాకు సమజయితదా?"

"నాకు గూడ మొదట కాలే. డిక్షనరీ పెట్టుకొని రోజుకు ఒక పేజీ చదివిన."

"నవంబర్ల రాసేటివి ఏవో దీప మేడమ్‌ను అడుగుత" అంది పుస్తకంలోకి చూస్తూనే.

"అడుగు" అన్నాను.

భీమ్లా ఆటో దాకా రాలేదు. రావాల్సిన పని కూడా లేదు. బస్సులో కిటికీ అద్దం లేదు. మహబూబాబాద్ వచ్చేసరికి చొక్కా మొత్తం తడిసింది.

ఆగస్టు 26, మంగళవారం

యూనివర్సిటీ జవాబు. నిబంధనల ప్రకారం వీలుపడదు. ఒకటిన్నర వాక్యం. చివరి దాకా చదివాకే ముద్ర వేశాను.

సెప్టెంబర్ 10, బుధవారం

రికార్డు గదికి కిటికీ ఉంది గానీ అది సైకిల్ స్టాండు వైపు. ఎంత మంది వచ్చారో రాయడం అలవాటయి, ఎవరూ రాలేదు అని రాస్తున్నాను. ఇక్కడికి ఎవరూ రారు.

సెప్టెంబర్ 11, గురువారం

ఎవరూ రాలేదు.

సెప్టెంబర్ 20, శనివారం

బతుకమ్మకు జనగామ రమ్మని అహల్యక్క. "ఏమైందిరా, గొంతు గట్లున్నది?" అన్నది. జలుబన్నాను. ఆమె నమ్మలేదు, ఫోన్ కూడా పెట్టేయలేదు. జరిగిందంతా చెప్పాను. నలభై ఏళ్ళలో ఆమెకు నేను చెప్పిన పెద్ద ముచ్చట అదే అయి ఉంటుంది. "మరి గా పొల్ల చదువుతున్నదా?" అని ఒక్కటే అడిగింది.

తెలియదన్నాను.

అక్టోబర్ 8, బుధవారం

దీప మేడమ్ దగ్గర శనివారాలు పిల్లలు వరుస కడుతున్నారట. ఎల్లయ్య చెప్పాడు. "ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు సార్. మీరైతే రెండు నిమిషాల్ల పంపుదురు."

మెచ్చుకోలో దెప్పిపొడుపో తెలియలేదు. అన్నది మాత్రం నిజమే.

నవంబర్ 7, శుక్రవారం

పరీక్ష దరఖాస్తులకు ఆఖరు రోజు. మూడింటికి రికార్డు గది తలుపు దగ్గర ఎవరో దగ్గారు. తనూజ. కాస్త చిక్కింది. చేతిలో దరఖాస్తు, మడత పెట్టిన తెల్ల కాగితం, ఆ రూల్స్ పుస్తకం. పుస్తకం అంచులు మసిబారి ఉన్నాయి.

"ఆఫీసుల ముద్ర మీ కాడున్నదన్నరు సార్."

ఉంది. ముద్ర మాత్రం నాతోనే ఈ గదికి వచ్చింది.

తెల్ల కాగితం విప్పి బల్ల మీద పరిచింది. ఆమె చేతిరాత. ఇప్పుడు రాయబోయేవి ఏడు పేపర్లు, ఒక్కో దానికి ఎన్ని క్రెడిట్లు, జూన్‌లో అయిదో సెమిస్టర్, ఆపైన ఎప్పుడు ఏది. బీఎడ్ ప్రవేశ పరీక్ష ఏ నెలలో అన్నది కూడా ఉంది. పక్కన చిన్న అక్షరాల్లో, 'మే: ఆకు. పరీక్ష ఉన్న రోజు పోను. బాపు ఒప్పుకున్నడు.'

నా చెయ్యి కలం వైపు వెళ్ళింది. పై నుంచి కూడబోయాను. ఆమె అరచెయ్యి కాగితం మీద పెట్టింది.

"కూడకుండ్రి సార్. నేను కూడిన. రెండుసార్లు."

కలం కింద పెట్టాను. దరఖాస్తు మీద ముద్ర వేసి, తేదీ వేసి ఇచ్చాను. ఆమె పోతుందనుకున్నాను. పుస్తకం తెరిచి, పెన్సిల్‌తో గీత పెట్టిన పేజీ నా ముందుకు జరిపింది.

"పద్నాలుగో పేజీ ఒక్కటే సమజయితలేదు. మధ్యల ఒక ఏడు పోయినోళ్ళకు కొత్త సిలబస్సా, పాతదా? నాలుగు దినాల సంది చదువుతున్న."

చదివాను. ఇరవై రెండేళ్ళుగా ఆ పేజీ నాకు తెలుసు. పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను కూడా, పాతదే అని. మళ్ళీ మొదటి నుంచి చదివాను, ఒక్కో మాట పట్టుకుని. అలా అని అక్కడ ఎక్కడా లేదు.

"నాకు తెల్వదు బిడ్డా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది.

"అయితే నడువుండ్రి సార్. మేడమ్ ఇంక పోలేదు, అడుగుదాం."

గదికి తాళం వేసి ఆమె వెనుక వెళ్ళాను.